సామాన్ల గదిలో మూడో షరతు

అమల రాసిన ప్రోగ్రాంకు ఏం మాయరోగమో, రోజూ పది దాటితే చాలు, బిగుసుకుపోయేది. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే గాని కదిలేది కాదు. ఈలోగా బయట జనం తిట్లు. తిరుపతి రైల్వే స్టేషన్ ఎదురుగా కొండకు పోయేవాళ్లు బ్యాగులు దాచుకునేందుకు హరినాథ్ నడిపే సామాన్ల గదికి, 2004లో, అదే మొదటి కంప్యూటర్.

"ఈ పొద్దు గూడా నిలిచిపోయిందంటే మళ్లా రిజిస్టర్లే రాసుకుంటాం పాపా. నువ్వు వేరే పని సూసుకో," అన్నాడు హరినాథ్ పొద్దున్నే. డిగ్రీ అయ్యాక అమలకు దొరికిన మొదటి పని అది.

ఇంట్లో తన ఫోటో, నాయన ఫోటో పెట్టి వందసార్లు పరీక్షించింది. ఒక్కసారీ ఆగి చావలేదు. ఇక లాభం లేదని కౌంటర్లో పనిచేసే శకుంతలమ్మ పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

తొమ్మిదిన్నరకు కొండ దిగిన జనం మొదలయ్యారు. టోకెన్ నంబరు కొడితే, సామాను పెట్టినప్పుడు తీసిన ఫోటో తెర మీదికి వస్తుంది. శకుంతలమ్మ ఫోటో చూసింది, ఎదురుగా ఉన్న నున్నటి గుండు చూసింది, 'సరిపోలేదు' అని నొక్కింది. బ్యాగులో ఏమేం ఉన్నాయో అడిగి ఇచ్చి పంపింది.

"అదేందక్కా, అట్ల నొక్కినావు?"

"పొయ్యేటప్పుడు జుట్టుండాది, వచ్చేటప్పుడు ల్యా. సరిపోయిందని ఎట్ల నొక్కేది?"

అమల తల పట్టుకుంది. ఆదివారం చర్చికి వెళ్లే ఇల్లు వాళ్లది. పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే అయినా గుండ్ల సంగతి తట్టనే లేదు. టోకెన్ ఉంటే, సామాను ఉంటే, ఫోటో సరిపోతే అంటూ మూడు షరతులూ ఒకదాని కడుపులో ఒకటి పెట్టి రాసింది. డేటాబేస్‌కు తెరిచిన కనెక్షన్‌ను మూసే వాక్యమేమో అన్నిటికంటే లోపల పెట్టింది. మూడో షరతు తప్పితే ప్రోగ్రాం అక్కడిదాకా పోనే పోదు. గుండుకొక కనెక్షన్ తెరిచే ఉండిపోతుంది. డేటాబేస్ ఒకేసారి ఇచ్చేది ఇరవై కనెక్షన్లే; అవి నిండాయంటే కొత్తది దొరకదు, అంతా బంద్.

"ఐదు నిమిషాలు ఆగక్కా," అని ఆ వాక్యాన్ని లోపల్నించి పీకి, షరతులన్నిటికీ బయట, చిట్టచివర పెట్టింది. ఇక ఏ షరతు తప్పినా కనెక్షన్ మూసుకుని తీరాల్సిందే.

పదింటికి సేలం యాత్రికుల గుంపు దిగింది. నలభై మంది, నలభై గుండ్లు. హరినాథ్ వచ్చి వెనక నిలబడ్డాడు. అమల లోలోపల లెక్కపెట్టుకుంటోంది. పందొమ్మిది. ఇరవై. ఇరవై ఒకటో మనిషికి శకుంతలమ్మ 'సరిపోలేదు' నొక్కింది. తెర తర్వాతి టోకెన్ అడిగింది.

ముప్ఫై దాటింది. నలభయ్యో గుండు వచ్చేసరికి అమలకు ఏడుపొచ్చి ఏదీ సరిగా కనబడలేదు.

హరినాథ్ గొంతు సవరించుకున్నాడు. "బస్టాండు కాడ మా బామ్మర్దికి గూడా ఇట్లాంటి గదే ఉండాది. రేపు పొయ్యి ఆడ గూడా ఇదే పెట్టేసి రా పాపా."

"అట్లనే సార్," అంది అమల, కళ్లు తుడుచుకుంటూ.