ఊపకుండా చూసిన గోడ

మా ప్రయోగశాలలో ఒక ఆనవాయితీ ఉంది. స్ఫటికాన్ని కొలిచినంతసేపూ ఊపుతూ ఉండాలి. చేత్తో కాదు, అయస్కాంత క్షేత్రాన్ని కాస్త కాస్త అటూ ఇటూ తిప్పే ఎర్ర స్విచ్చి ఒకటుంది, అది వేసి ఉంచాలి. "ఊపకపోతే అది నిద్ర లేవదమ్మా," అనేవారు మా మేష్టారు. ఆయన దగ్గర పరిశోధన చేసే ఏడుగురిలో ఒక్కరూ ఎందుకని అడిగిన పాపాన పోలేదు.

స్ఫటికం లోపల ఒక భాగంలో అయస్కాంతత్వం పైకి చూస్తుంది, పక్క భాగంలో కిందికి. రెంటి మధ్యా ఉండే సన్నటి సరిహద్దుని గోడ అంటాం. క్షేత్రం పెంచితే గోడ జరుగుతుంది. ఎంత పెంచితే అంత వేగం, గ్రాఫు మీద సున్నా నుంచీ ఒకటే సరళరేఖ. ఇదీ మేష్టారి సిద్ధాంతం. పన్నెండేళ్ళుగా ఆయన పేరంతా దాని మీదే నిలబడింది. నా థీసిసూ దాని మీదే. శుక్రవారం ఆయన సంతకం పెడితే నేను గట్టెక్కినట్టే.

సోమవారం స్విచ్చి వెయ్యడం మర్చిపోయాను. సూక్ష్మదర్శినిలో గోడ వెంట్రుకవాసి జరిగి, స్ఫటికంలో లోపమున్న ఒక చిన్న మచ్చ దగ్గర ఆగింది. క్షేత్రం పెంచాను. ఇంకా పెంచాను. మొండికేసింది. మరికాస్త పెంచేసరికి ఒక్క గెంతు గెంతింది. పదిసార్లు చూశాను, పదిసార్లూ అదే మచ్చ దగ్గర. స్విచ్చి వేస్తే మాత్రం బుద్ధిగా జారింది. ఇన్నాళ్ళూ మేం నిద్ర లేపుతున్నామనుకుంటూ గోడని మచ్చలు దాటించేస్తున్నామన్నమాట. సున్నా నుంచీ వచ్చే ఆ సరళరేఖ ఊపు వల్ల వచ్చిందే.

మూడు రోజులు నోరు మెదపలేదు. చెబితే సంతకం పోతుంది, చెప్పకపోతే నా థీసిస్ అబద్ధం. మేష్టారా, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి. నాకు నిజంగా భయం వేసింది.

గురువారం ఉదయం ఊపకుండా వచ్చిన గ్రాఫు పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను.

"స్విచ్చి వెయ్యలేదా?"

"మొదటిసారి మర్చిపోయాను సార్. తరవాత కావాలనే వెయ్యలేదు."

కోప్పడతారనుకున్నాను. ఆయన లేచి, బీరువా అడుగు అరలోంచి అట్ట ఊడిన నోటుపుస్తకం తీశారు. అందులో పెన్సిలుతో గీసిన గ్రాఫు. కొంత మేర చదును, తరవాత ఒక్క గెంతు. పైన తేదీ పన్నెండేళ్ళ కిందటిది. తరవాతి పేజీలో ఎర్ర స్విచ్చి ఎలా బిగించాలో బొమ్మ.

"ఆ స్ఫటికం ముక్కలోనే లోపం అనుకున్నాను," అన్నారు. "ఇంకోటి తెచ్చాను. అదీ అంతే. అప్పుడు స్విచ్చి పెట్టించాను. రేఖ తిన్నగా వచ్చింది. ఆ రోజు చాలా సంతోషపడ్డాను."

నాకు జాలి వేసింది, కోపమూ వచ్చింది. కోపమే ఎక్కువ.

"సంతకం పెడతారా సార్?"

"నాలుగో అధ్యాయం మళ్ళీ రాయి. ఊపితే ఇది కనిపించదని రాయి. ఊపమన్నది నేనని రాయి. తెలిసే ఊపమన్నానని కూడా రాయి."

"మీ పేరు పెట్టి రాయనా?"

"మరెవరి పేరు పెడతావు?" నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. "రాసి తీసుకురా. ఆ పేజీ కిందే సంతకం పెడతాను."