అసలు సిసలు గొట్టం

ఆదివారం ఊరేగింపులో నా ట్రక్కును నేను నడపకూడదట! నా స్టీరింగు ముందు తన తమ్ముణ్ణి కూర్చోబెడతానని మా అక్క మొగుడు ఎడ్మోన్ తేల్చేశాడు. మా నార్మండీ పాత మిలిటరీ బండ్ల సంఘానికి ఆయన అధ్యక్షుడు, ఆయన మాటే శాసనం. కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న ఆ అమెరికన్ ట్రక్కును కొట్టంలోంచి లాగింది నేను. తుప్పు గీకింది నేను, ఇంజను విప్పి బిగించింది నేను. దంచినమ్మకు బొక్కిందే కూలి అన్నట్టు, ఇప్పుడు పక్కన కూర్చుని చెయ్యి ఊపాలట.

కారణం లేకపోలేదు. కాస్త దూరం పోయేసరికి ముందు కుడి చక్రం పట్టేసి పొగ కక్కుతోంది. ఊరేగింపు దారేమో సముద్రం దాకా ఒకటే దిగుడు.

"బ్రేకు మీంచి కాలు తియ్యవు మరదలా, అదీ రోగం. ఆడవాళ్ళకి భయమెక్కువ," అన్నాడు, నేను పెట్టిన ఆపిల్ సైడరే తాగుతూ.

ఒళ్ళు మండిపోయింది. "రేపు పొద్దున రా బావా, ఎవరి కాలో తేలుద్దాం!"

మర్నాడు సంఘమంతా వచ్చింది. నేను కొండ చుట్టూ తిప్పుకొచ్చాను. ఎడ్మోన్ తన ట్రక్కులో వెంటే వచ్చాడు. చక్రం పట్టేయగానే జాకీ మీద లేపి, వెళ్ళి బానెట్ ఎక్కి కూర్చున్నాను.

"నా కాళ్ళు ఇక్కడున్నాయి. తిప్పు చూద్దాం!"

ఇద్దరు మగాళ్ళు పట్టి తిప్పినా చక్రం కదల్లేదు.

అప్పుడు కింద దూరాను. చక్రానికి బ్రేకు ఆయిలు తెచ్చే రబ్బరు గొట్టానికి పైకొసన నట్టు వదులు చేశాను. చక్రం అలాగే ఉంది. గొట్టం దాటాక, చక్రం దగ్గరి నట్టు తిప్పాను. ఆయిలు చివ్వున చిమ్మింది, చక్రం హాయిగా తిరిగింది. పెడల్ వదిలినా ఆయిలును వెనక్కి పోనివ్వనిది ఆ గొట్టమేనన్నమాట.

"అసాధ్యం!" అన్నాడు ఎడ్మోన్. "అది అసలు సిసలు యుద్ధకాలం సరుకు. నా పెట్టెలోంచి తీసి, మైనపు కాగితం విప్పి నేనే ఇచ్చాను."

అదే మా సంఘానికి పట్టిన పిచ్చి. ఎనభై ఏళ్ళు పెట్టెలో మగ్గిన రబ్బరైనా సరే, పైన 1944 ముద్ర కనబడితే కళ్ళకద్దుకుంటారు.

గొట్టం విప్పి కత్తితో నిలువునా చీల్చాను. బయట నిగనిగ, లోపల ఉబ్బిపోయి సూది దూరే సందు లేదు. పైన పటారం, లోన లొటారం! ట్రాక్టరు సామాన్ల కొట్లో కొన్న కొత్త గొట్టం జేబులోంచి తీశాను.

"అది బిగిస్తే నీది అసలైన బండి కాదు. ముందు వరసలోకి రానివ్వను."

"వెనకే వస్తాలే. కానీ నడిపేది నేను. ఆపితే ఆగే బండి నాది!"

చీల్చిన గొట్టాన్ని తీసుకెళ్ళి ఆయన ట్రక్కు బానెట్ మీద పడేశాను.

"నీ బండికి వేసినవీ ఆ పెట్టెలోవేగా బావా? ఆదివారం నీ వెనక కూర్చునేది మా అక్క మనవలు. వెళ్ళి నీ చక్రం ముట్టుకో."

మూతి ముడుచుకుని వెళ్ళాడు. చక్రం మధ్య బ్రేకు డ్రమ్ము మీద అరచెయ్యి ఆనించాడో లేదో, "అమ్మో, కాలింది!" అని లాక్కున్నాడు.

ఎవరూ నవ్వలేదు. చెయ్యి ఊదుకుంటూ, నా మొహం చూడకుండా అడిగాడు:

"ఆ ట్రాక్టరు కొట్టు ఈపూట తెరిచుంటుందా ఓడీల్?"

"ఉంటుంది. పద, నేనే తీసుకెళ్తా. నా బండిలో."