నడిమి ట్రస్సుకు చైన్ పుల్లీ

కేసముద్రం మార్కెట్ యార్డులోని కొత్త షెడ్డు కింద అడుగు పెట్టగానే ఆసిమా తలెత్తి చూసి అక్కడే ఆగిపోయింది. తను డిజైన్ చేసిన కప్పుకు, సరిగ్గా రేకుల్ని మోసే నడిమి ఇనుప చట్రానికి, అంటే నడిమి ట్రస్సుకు, చైన్ పుల్లీ వేలాడుతోంది. దాని కొక్కేనికి వలలో కట్టిన మక్కజొన్నల బస్తాలు గాల్లో ఊగుతున్నాయి. ఆ పుల్లీ కట్టింది ఎవరో కాదు, హమాలీల మేస్త్రి అబ్దుల్ వహాబ్, ఆమె కన్నతండ్రి.

"సూడుండ్రి, నా బిడ్డ వచ్చింది! గీ కప్పు కంప్యూటర్ల గీసింది గీమెనే. ఏనుగును కట్టినా ఏం కాదు" అని వహాబ్ యార్డంతా వినబడేలా అరిచాడు.

ఏనుగు సంగతి దేవుడెరుగు, ఆ బస్తాలకే దిక్కు లేదు! సుబేదారిలోని తమ ఇంజినీరింగ్ ఆఫీసులో కూర్చుని ఆసిమా చేసిన పని ఇదీ. కప్పు మీద ఏ బరువు ఎక్కడ పడుతుందో కంప్యూటర్‌కు చెప్పింది. అది మళ్లీ మళ్లీ లెక్కలు వేసి, ఆ బరువులు మొయ్యడానికి అక్కర్లేని ఇనుమంతా తీసేసి, సన్నటి పైపుల అల్లికను చేతిలో పెట్టింది. గాలి చెప్పింది, రేకుల బరువు చెప్పింది, ఆఖరికి కోతులు గుంపుగా గెంతుతాయని కూడా చెప్పింది మహాతల్లి. ఈ యార్డులో ఏ షెడ్డయినా సరే, హమాలీలు నడిమి ట్రస్సుకు పుల్లీ కట్టి, దొంతులు పేర్చడానికి బస్తాలు పైకి లాగుతారని మాత్రం చెప్పలేదు. తండ్రికి సద్ది తెచ్చి, ఆ పుల్లీ పక్కనే ఆడుకుని పెరిగిన పిల్ల ఆ ఒక్కటీ ఎలా మరిచిందో! చెప్పనిదాన్ని కంప్యూటర్ ఎక్కణ్ణుంచి తెస్తుంది? పుల్లీ కట్టే ఆ కింది పైపుకు పెద్దగా పని లేదనుకుని దాన్ని మరీ సన్నం చేసేసింది.

ఇప్పుడా పైపు కంటికి కనబడేంత వంగి ఉంది.

అంతలో బయట మబ్బు కమ్మి వాన దంచడం మొదలుపెట్టింది. ఆరబోసిన మక్కలు వదిలేసి రైతులు, కూలీ ఆడవాళ్లు షెడ్డులోకి ఉరికొచ్చారు. ఆసిమా ఓ పక్కకు జరిగి ఆఫీసులో తన పై ఇంజినీరు సుదర్శన్‌కు ఫోన్ చేసి పైపు వంగిందని చెప్పింది.

"కూలలేదు కదా? మరెందుకమ్మా ఆగమైతవ్? మంది ముంగట లొల్లి చెయ్యకు. రేపు ఇంకో పైపు అతికిద్దాం" అన్నాడాయన.

రేపటిదాకా ఆగుతానని ఆ పైపు ఆయనకు మాటిచ్చిందా? పైనుంచి అతుకు పగిలినట్టు టక్కుమని చప్పుడొచ్చింది. ఆసిమా ఫోన్ పెట్టేసి గొంతెత్తి అరిచింది.

"అందరు బయటికి పోండ్రి! కప్పు ఆగది! నా లెక్క తప్పింది!"

ఎవరూ కదల్లేదు. వాన చూస్తే అలా ఉంది మరి. పోశయ్య అనే రైతు తన బస్తాల మీద నుంచి లేవకుండానే, "ఏం వహాబన్నా, ఏనుగును కడ్తనంటివి?" అన్నాడు. నలుగురు నవ్వారు. వహాబ్ మొహం నల్లబడింది. తండ్రి తనను రెండు దెబ్బలు కొట్టినా బాగుండును అనిపించింది ఆసిమాకు.

వహాబ్ ఒకసారి పైపు వంక చూశాడు.

"బిడ్డ చెప్తాంది ఇనబడ్తలేదా? నడువుండ్రి! మక్కలు తడిస్తే మళ్ల ఎండుతయి పోశన్నా, పానం పోతే రాదు!" అంటూ పోశయ్య రెక్క పట్టి వానలోకి తోశాడు. మేస్త్రి కేక విని హమాలీలు మిగతావాళ్లను తరిమారు.

"వల తాడు కోసేస్తే అయిపోతది కదా?" అని అడిగాడు వహాబ్.

"ఒక్కసారే ఇడిస్తే పైపు ఎగిరి తంతది అబ్బా. మెల్లగ దించాలె" అని తండ్రిని వారించింది ఆసిమా.

మెల్లగా దించాలంటే ఎవరో ఒకరు దాని పక్కన నిలబడి చైను లాగాలి. వహాబ్ లోపలికి నడిచాడు. ఆసిమా వెంట పరిగెత్తింది.

"నువ్వెందుకు? పో బయటికి!"

"పైపు నేను సూస్త. నేను ఆగమంటే ఆగు."

రేకుల మీద వాన హోరులో ఒకరి మాట ఒకరికి సరిగ్గా వినబడటం లేదు. అతను లాగుతున్నాడు, ఆమె చెయ్యెత్తి ఆపుతోంది. "జర లాగు... ఆగు... ఆగు అబ్బా!" పైపు మూలిగింది. తండ్రి నెత్తి మీదే ఉంది అది. యా అల్లా, నా తెలివితక్కువతనానికి ఈయన్ని తీసుకుపోకు అని ఆమె లోపల్లోపలే ఏడ్చింది. చివరికి బస్తాలు నేలను తాకాయి. కొక్కెం తప్పించి ఇద్దరూ బయటికి ఉరికారు.

వానలో నిలబడ్డాక ఆసిమా భోరుమంది. "నలుగుర్ల నీ ఇజ్జత్ తీసిన అబ్బా."

"ఇజ్జత్ సంగతి తర్వాత. గీ లెక్కతోనే ఇంకేడనన్న కప్పు కట్టిన్రా?"

ఆసిమా ఏడుపు ఆగిపోయింది. కట్టారు. పాలంపేటలో, వడ్ల షెడ్డుకు. అవే పైపులని తండ్రికి చెప్పింది.

వహాబ్ తడి చేతుల్తోనే అక్కడి మేస్త్రికి ఫోన్ కలిపాడు. "కట్టయ్యా, మీ కొత్త షెడ్డుకు పుల్లీ కట్టిన్రా?"

"పొద్దుగాలనే కట్టినమన్నా. ఎత్తిన బస్తాలు పైననే ఉన్నయి. మందంత కింద కూసోని బువ్వ తింటాన్రు."

వహాబ్ ఫోన్ కూతురి చేతిలో పెట్టాడు. "నువ్వే చెప్పు. గీసినోళ్లు చెప్తేనే లేస్తరు."

ఆసిమా చెప్పింది. అవతల "లేవుండ్రి, బువ్వ ఇడిసి లేవుండ్రి!" అన్న కేకలు, పళ్లేల చప్పుడు, ఎవరో ఆడమనిషి పిల్లను పిలవడం వినబడ్డాయి. ఆమె ఫోన్ చెవికి అదుముకుంది.

పెళపెళమని చప్పుడు. ఆ వెంటనే ఏదో కూలిన మోత.

"కట్టయ్య మామా! మామా!"

చాలాసేపటికి రొప్పుతూ కట్టయ్య గొంతు వచ్చింది. "అందరం బయటనే ఉన్నం బిడ్డా."

ఆసిమా ఆ బురదలోనే కూలబడింది.