మచ్చు చీర

మా అత్త లక్ష్మణమ్మ చేపని కొనే ముందు మొప్ప ఎత్తి చూస్తుంది. కంటిలోకి చూస్తుంది, వేలితో నొక్కుతుంది, వాసన చూస్తుంది. ధర మాట ఆ తర్వాతే. చేపలకైతే సరే. కుక్కర్ కొన్నా, మంచం కొన్నా ఆవిడది అదే పద్ధతి. పెళ్ళిచూపులకి ఆమదాలవలసలో మా ఇంటికి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "గట్టి సెయ్యే" అంది. అలా నేను తాజా సరుకునని తేలింది.

ఆ గట్టి చెయ్యే పోయిన వానాకాలం బోరింగు గట్టు మీద జారిపడి మణికట్టు దగ్గర విరిగింది. ఎముక అతికింది గానీ, బట్టలు పిండడం ఇక మర్చిపొమ్మన్నాడు డాక్టరు. నేను మర్చిపోతాను సరే, బట్టలు నన్ను మర్చిపోతాయా? సముద్రం మీదికి వెళ్ళొచ్చే మొగుడి బట్టలు ఉప్పూ ఇసకా పట్టి అట్టల్లా తయారయ్యేవి. వాటిని పిండుతుంటే నొప్పికి కళ్ళలో నీళ్ళు తిరిగేవి. నా మొగుడు ఉమాశంకర్ జాలిపడి రెండు రోజులు తనే పిండాడు. వల లాగే చేతులాయె, చొక్కాల గుండీలు ఎగిరి పక్కింట్లో పడ్డాయి. మూడో రోజు తనే అన్నాడు, వాషింగ్ మిషన్ కొందామని.

అడ్డుపుల్ల వేసింది అత్త. "మిషను సేపల వాసన తియ్యనేదర్రా. బుల్లమ్మ కొన్నాది, ఏటయినాది?"

పక్కింటి బుల్లమ్మ మిషన్ కథ మా పేటంతా ఎరుగుదురు. చేపలమ్మకానికి కట్టుకెళ్ళే చీరని ఇంట్లో బట్టలన్నిటితో కలిపి చన్నీళ్ళలో తిప్పేసింది. చీర వాసన పోలేదు సరికదా, కూతురి కాలేజీ బట్టలకి కూడా పట్టింది. ఆ పిల్ల రోజంతా ఏడ్చింది. ఇప్పుడు బుల్లమ్మ ఆ మిషన్లో ఉల్లిపాయలు పోసుకుంటోంది.

అత్త తన చీర ఎవరినీ ముట్టనివ్వదు. పొద్దున్నే గంప ఆటోలో వేసుకుని నెల్లిమర్ల వెళ్ళి, జూట్ మిల్లు దగ్గర చేపలమ్ముకుని వస్తుంది. వచ్చాక చింతపండూ ఉప్పూ పట్టించి తన చీర తనే ఉతుక్కుని పెరట్లో విడిగా ఆరేసుకుంటుంది. ఆరాక రెండు చేతుల్తో ముక్కు దగ్గర పెట్టుకుని, "పోనేదు" అంటుంది. నా పెళ్ళయిన నాటి నుంచీ ఒక్కసారి కూడా పోయిందనలేదు.

"అయితే ఏటంటావు అత్తా? ఈ సేత్తో నానెలా సావాల?" అని అరిచాను. నాకు కోపం వస్తే అత్తా మొగుడూ అని చూడను.

అత్త నొచ్చుకోలేదు. "మచ్చు సూడకుండా సరుకు కొనడం మన ఇంటా వంటా నేదు. నా సీర అట్టుకొస్తాను. ఆడి కొట్లోనే ఉతికించు. వాసన పోతే కొనుక్కో. పోకపోతే ఇంక మిషను మాట ఎత్తకు."

నా చెయ్యి తలరాత అలా ఒక చేపల చీర మీద ఆధారపడింది.

మర్నాడు అత్త అమ్మకం ముగించుకుని నెల్లిమర్ల నుంచి నేరుగా విజయనగరం వచ్చింది. నేనూ ఉమాశంకరూ ఊరి నుంచి వెళ్ళి షాపు ముందు కలిశాం. వెంట తెచ్చుకున్న పాత చీర కట్టుకుని, అమ్మకపు చీరని మూడు ముడులేసిన కవర్లో పట్టుకొచ్చింది.

ఏ మిషన్ కావాలో నాకు తెలుసు. అప్పటికే నెల రోజులుగా ఫోన్లో చూసి చూసి తేల్చుకుని ఉన్నాను. ముందువైపు తలుపుండాలి, నీళ్ళు తనే వేడి చేసుకోవాలి, ఏడు కిలోలది కావాలి. ధర్మేంద్ర అనే సేల్స్ కుర్రాడు సరిగ్గా అలాంటిదే చూపించాడు. ఈలోగా అత్త తన పరీక్ష మొదలుపెట్టింది. తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి తడిమింది, రబ్బరు నొక్కింది, తలకాయ లోపలికి దూర్చి వాసన చూసింది.

"ఏడు కిలోలంటే? ఏదీ, తూకమెయ్యి" అంది.

"అంటే ఏడు కిలోల బట్టలు పడతాయమ్మా" అన్నాడు ధర్మేంద్ర.

"తడిసినియ్యా, పొడియ్యా?"

"పొడివేనమ్మా."

"అదీ. తడి తూకమంతా మోసం బాబూ." ఐసు చేపలు తూచి తూచి నేర్చుకున్న జ్ఞానం అది. తర్వాత కవరు ముందుకు చాపింది. "ఇంద, ఇది ఉతికి సూపించు."

అలాంటి ఏర్పాటు లేదని కుర్రాడు గింజుకున్నాడు. అత్త మిషన్ ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఓనరు వచ్చాడు. ఆవిడ లేచే రకం కాదని గ్రహించి, నీళ్ళ గొట్టం తగిలించి ఉన్న మిషన్ ఒకటుంది, అందులో వేసి చూపించమన్నాడు. పాపం, ఆయనకి ఆ కవర్లో ఏముందో తెలియదు.

మూడో ముడి విప్పగానే తెలిసింది. ఏసీ హాలు, తలుపులన్నీ బిగించి ఉన్నాయి, వాసన బయటికి పోయే దారి లేదు. టీవీలు చూస్తున్నవాళ్ళు ఫ్రిజ్‌ల వైపు జరిగారు. ఫ్రిజ్‌లు చూస్తున్నవాళ్ళు మెట్ల మీదికి జరిగారు. ఉమాశంకర్ మాకేమీ కానట్టు ఒక ఫ్యాను రెక్కలు లెక్కపెడుతూ నిలబడ్డాడు.

వేడినీళ్ళు పెట్టి తిప్పారు. అద్దం తలుపులోంచి తన చీర దొర్లుతుంటే అత్త కళ్ళార్పకుండా చూసింది. ఆగాక చీర తీసి, రెండు చేతుల్తో ముద్ద చేసి ముక్కుకి ఆనించుకుంది.

"ఉన్నాది" అంది.

ధర్మేంద్ర వాసన చూసి పోయిందన్నాడు. ఓనరు చూశాడు, పోయిందన్నాడు. ఫ్రిజ్ కొనడానికొచ్చిన ఒకావిడ మెట్లు దిగొచ్చి మరీ చూసి, సబ్బు వాసన తప్ప ఏమీ లేదంది. అత్త మళ్ళీ చూసి, "ఉన్నాదంటే ఉన్నాది" అంది. పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఇంకోసారి తిప్పారు. మళ్ళీ, "ఉన్నాది."

"పదే ఎల్దాం. నాను ముందే సెప్పినాను కదేటి" అని అత్త చీర మడత పెట్టబోయింది. అప్పుడు చూశాను ఆవిడ చేతులు. గోళ్ళ సందుల్లో సన్నటి పొలుసులు మెరుస్తున్నాయి. పొద్దుటి నుంచీ చేపలు కోసిన చేతులు. ఇన్నేళ్ళుగా ప్రతి చీరనీ ఆ చేతుల్తోనే కదా ముక్కు దగ్గర పెట్టుకుంటోంది!

నోటిదాకా వచ్చింది, ఆగిపోయాను. ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారని నేను ఆగడం అదే మొదటిసారి. నలుగురూ చూస్తుండగా అత్తగారితో, వాసన నీ చీరది కాదు నీదే అని ఏ కోడలంటుంది? నిజమాడితే నిష్ఠూరం. ఆడకపోతే జీవితాంతం బకెట్టు.

"అత్తా, ఒక్కసారి సేతులెనక్కెట్టుకో. కళ్ళు మూసుకో" అన్నాను.

"ఎందుకే?"

"నా మాటిను."

ఏ కళనుందో, విన్నది. నేను చీరని నా చేతుల్తో ఆవిడ ముక్కుకి దగ్గరగా పట్టాను. గట్టిగా పీల్చింది. మళ్ళీ పీల్చింది. ముఖం మారింది. కళ్ళు తెరిచి నన్ను చూసి, వెనకనున్న చేతులు మెల్లిగా ముందుకు తెచ్చుకుని వాసన చూసుకుంది.

"ఓలమ్మో" అంది, చాలా చిన్న గొంతుతో.

నాకు ఏడుపొచ్చింది. మిషన్ పోతే పోయింది, ఆ చేతులు ఆవిడ కొంగులో దాచుకోకుండా ఉంటే చాలనిపించింది. ఫర్వాలేదమ్మా అని ధర్మేంద్ర ఏదో ఓదార్చబోయాడు. దాంతో అత్తకి ప్రాణం లేచొచ్చింది.

"ఏటి ఫర్వానేదు? మిషను మంచిదే, కట్టించు. కొత్తది తియ్యి బాబూ, ఇది కాదు."

"ఇదీ మంచిదేనమ్మా, తగ్గించి ఇస్తాం" అన్నాడు ఓనరు ఆశగా.

"నాకొద్దు. దీన్లో సేపల సీర ఉతికీసినారు!"

మెట్ల మీద వాళ్ళు కూడా నవ్వారు. ఓనరు మాత్రం నవ్వలేదు.

తిరుగు దారిలో ఆటోలో అత్త బయటికే చూస్తూ కూర్చుంది. కోపమొచ్చిందా అని అడిగాను.

"రానేదు. సేతులెనక్కెట్టుకో అన్నావు గాని, నీ సేతులు కంపని అననేదు కదే" అంది. అంతే.

మిషన్ వచ్చిన రోజు బుల్లమ్మ చూడ్డానికొచ్చింది. "వాసన పోతన్నాదేటి వదినా?" అని అడిగింది.

"సీరది పోనాదే. ఇంక నానే మిగిలిపోనాను" అంది అత్త దర్జాగా. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రం లోపల మిషన్ బట్టలు తిప్పుకుంటుంటే నా చేతులకి పని లేకపోయింది. చింతపండూ ఉప్పూ తెచ్చి అత్త ఎదుట కూర్చుని, ఆవిడ చేతులు నా ఒళ్ళో పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టాను. పిండడానికి పనికిరాని చెయ్యి రుద్దడానికి పనికొచ్చింది. వద్దంటూనే చాపి ఉంచింది. వేళ్ళ సందులు, గోళ్ళు, అరచేతుల్లో కత్తి గాట్లు, అన్నీ రుద్ది కడిగి వంగి వాసన చూశాను.

"పోనాదేటి?" అంది అత్త.

అబద్ధమాడదామనుకున్నాను. నా వల్ల కాలేదు.

"పోనేదత్తా."

"పోదులే. పోతే రేపు నా కాడ సేపలెవులు కొంటారే?" అని, రెండో చెయ్యి కూడా నా ముందుకు చాపింది.