పరీక్షకు పోయిన స్వామి ముక్క

కలప కోతమిల్లు నడిపే మా మొదలాళి భక్తవత్సలం, ఇంజనీరు సుదర్శనం, సత్రం కమిటీ పెద్ద జనార్ధనం! మీరు ముగ్గురూ కలిసి తిరుత్తణి కొండ కింద సత్రంలో జనం నెత్తి మీద ఒక మేడను వేలాడదీశారు. దాన్ని కట్టడం అని నేననను. ఆడి కృత్తిక తిరునాళ్ళకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ రోజు కావళ్ళు మోసుకొచ్చి అలసిపోయిన వాళ్ళు నాలుగు వందల మంది ఆ మేడ మీద నడుం వాలుస్తారు. మీరు మాత్రం మీ ఇళ్ళలో కాంక్రీటు కప్పు కింద ఉంటారు.

నాలుగో దోషి కూడా ఉన్నాడు. పేరు ఏకాంబరం. అది నేనే. నన్ను వదిలేసి రాస్తే ఈ రాత అబద్ధమవుతుంది.

తిరువళ్ళూరు స్టేషను వెనక భక్తవత్సలం మిల్లులో పదిహేడేళ్ళుగా దుంగలు ఏరేది నేనే. ఏది దూలానికి, ఏది పెట్టెలకు, ఏది పొయ్యికి అని చూసి, తట్టి చెప్పడం నా పని. మా మిల్లులో ఒక ఆచారం ఉంది. కొత్త లోడు దిగి మొదటి దుంగ కోసినప్పుడు, నడిమి చేవలో ముడి లేని, పగులు లేని, నార తిన్నగా సాగిన ముక్క ఒకటి ఏరి, పసుపు రాసి, కుంకుమ పెట్టి రంపం పక్కన నిలబెడతాం. అది స్వామి ముక్క. దాన్ని అమ్మం. గుడికో, లేని వాళ్ళ ఇంటి గడపకో ఇస్తాం.

రెండేళ్ళ కిందట టేకు దొరకడం కష్టమైంది. ఓడల్లో మద్రాసు రేవుకు ఏదో ఎర్ర కలప దిగసాగింది. కలప వర్తకుల తమిళ పత్రికలో నెల నెలా అదే రగడ. టేకు తప్ప దూలానికి మరేదీ పనికిరాదని ఒకడు రాస్తాడు. వాడి అడితి నిండా టేకే. టేకు బలం నూరైతే ఎర్ర కలప బలం తొంభై అని ఇంకొకడు రాస్తాడు. వాడి అడితి నిండా ఎర్రదే. నేను బడికి పోయింది మూడేళ్ళే అయినా ఆ పత్రికలో ఒక్క అక్షరం వదిలేవాణ్ణి కాను. వాళ్ళలో ఒక్కడూ ముడి గురించి రాయలేదు. కొమ్మ మొలిచిన చోట చెట్టులో ముడి పడుతుంది. నార అక్కడ తెగి, చుట్టు తిరిగి పోతుంది. కలప విరిగేది అక్కడే. రంపం పట్టిన ప్రతివాడికీ ఇది తెలుసు.

సత్రం మేడకు ఎర్ర కలప వాడాలంటే బలం పరీక్ష చేసిన చీటీ కావాలన్నాడు ఇంజనీరు. మద్రాసుకు ఒక ముక్క పంపాలి.

"ఒరే ఏకాంబరం, సర్కారుకు పోయే ముక్కరా. మంచిది చూసి ఎత్తియ్" అన్నాడు మొదలాళి.

లోడంతా తిరిగాను. నా చెయ్యి నేరుగా స్వామి ముక్క మీదికి పోయింది. దేవుడికి ఇచ్చేదైనా, సర్కారుకు ఇచ్చేదైనా మంచిది ఇవ్వాలి కదా! పసుపు కడిగి, తెల్లగుడ్డలో చుట్టి పంపాను. మోసం చేస్తున్నామని నాకూ తోచలేదు, ఆయనకూ తోచలేదు. మర్యాద చేస్తున్నామనుకున్నాం.

చీటీ వచ్చింది. టేకు నూరైతే మాది తొంభై రెండు. ఆ అంకె చూసి ఇంజనీరు, కొత్త కలపని ముందు ఎనిమిది అంగుళాలు వేసిన దూలాల మందాన్ని ఐదున్నరకు కోసేశాడు. మేడకు పోయింది మాత్రం మిగతా లోడు. దాని ముడుల మీద రంపపు పొట్టు, బంక, ఎర్రమన్ను కలిపి మెత్తి, నూనె పట్టించి పంపాం. అదీ మా మిల్లులో వాడుకే.

పోయిన నెల కృత్తిక నక్షత్రం నాడు మా అక్క తులసమ్మ, తిరువాలంగాడు నుంచి ముప్పై మంది ఆడవాళ్ళతో వచ్చి ఆ మేడ మీద దిగింది. చూసిపోదామని వెళ్ళాను. పై మెట్టు దాటి నాలుగు అడుగులు వేశానో లేదో, కాళ్ళ కింద నేల కదిలింది.

"ఏందక్కా, ఇట్ల ఊగతా ఉండాది?"

"కొత్త మేడ కదరా, ఊయల మాదిరి ఉండాది" అని నవ్వింది తులసక్క.

పక్కన ఆమె తోడికోడలు వల్లియమ్మ అందుకుంది. "స్వామి నెమలి మింద కూచున్నట్టే ఉండాది అన్నా. టిక్కెట్టు కూడా లేదు!"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. ఆ నవ్వుకు కూడా నేల అదిరింది. నేను కిందికి పరుగెత్తి నిచ్చెన వేసుకుని చూశాను. పద్నాలుగు దూలాల్లో తొమ్మిదింటికి ముడులు. మూడో దూలానికి సరిగ్గా నడిమధ్య, అడుగు వైపున, పిడికిలంత ముడి. మెత్తిన పూత రాలిపోయింది. ముడి పక్క నుంచి జానెడు పగులు. పగులు లోపల రంగు ఇంకా మాయలేదు. ఈ మధ్యే విచ్చుకుంది.

మరుసటి రోజు మొదలాళి ముందు నిలబడ్డాను.

"పరీక్షకు పోయింది స్వామి ముక్క, మొదలాళీ. మేడకు పోయింది వేరే."

"రెండూ ఒక చెట్టువే కదరా."

"మీరూ మీ తమ్ముడూ ఒక తల్లి బిడ్డలే. ఆయన బస్తా ఎత్తుతాడు. మీరు చెంబు ఎత్తితే ఆయాసపడతారు."

"పదిహేడేండ్లు నా ఉప్పు తిన్న నోరేనా ఇది?"

"తిన్నాను కాబట్టే మీకు ముందు చెప్తా ఉండా. లేకుంటే నేరుగా తాలూకాఫీసుకు పోయుంటాను."

ఆయన ముఖం తిప్పుకున్నాడు. ఆ ఆదివారం తిరువళ్ళూరులో కలప వర్తకుల మీటింగు. ఏ కలపకు ఎంత బలం కట్టాలని వాదన. ఇంజనీరూ, జనార్ధనమూ వచ్చారు. నేను ఒకే దుంగలో కోసిన రెండు పలకలు భుజాన వేసుకుని, పిలవకుండానే పోయాను.

నేను మేడ సంగతి చెప్పీ చెప్పకముందే టేకు వ్యాపారి గుర్నాథం లేచాడు. "చూసినారా! నేను అప్పుడే చెప్పినాను, టేకే వాడాలని!"

"గుర్నాథం అన్నా, గమ్మునుండు. టేకుకు ముడి ఉండదా? నీ అడితికే పోదాం, చూపిస్తా రా."

హాలంతా నవ్వింది. ఇంజనీరు నవ్వలేదు. "నేను పుస్తకంలో ఉండే ప్రకారం చేసినాను" అన్నాడు.

"ముడి ఉంటే బలం తగ్గించి లెక్కకట్టాలని ఆ పుస్తకంలోనే లేదా సార్?"

"ఉంది. మీ మొదలాళి అంతా మొదటి రకమేనని రాసిచ్చినాడు."

అందరూ భక్తవత్సలం వైపు తిరిగారు. ఆయన నా వైపు వేలు చూపించాడు. "రకం ఏరింది వీడే. అడగండి."

"నేనే. నేను చేసింది తప్పు. అందుకే ఈడికి వచ్చినాను" అన్నాను.

రెండు బెంచీలు దూరంగా జరిపి, వాటి మీద మంచి పలక అడ్డంగా వేశాను. "దీని మింద నిలబడండి సార్." ఇంజనీరు నిలబడ్డాడు. పలక కాస్త వంగి నిలిచింది. దాన్ని తీసి ముడి ఉన్న పలక వేశాను. "ఇప్పుడు దీని మింద."

ఆయన ముడిని చూశాడు. కాలు ఎత్తలేదు.

నేనే ఎక్కాను. ఫెళ్ళుమని విరిగింది. కింద పడ్డాను, మోచెయ్యి చెక్కుకుపోయింది. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు జనార్ధనం గొంతు సవరించుకున్నాడు. "సరేప్పా. కృత్తిక అయిపోనీ, చూద్దాం. ఊరూరికీ మేడ మింద పండుకునేదానికి ఎడం ఇస్తామని చెప్పేసినాము. ఇప్పుడు లేదంటే సత్రం పరువేం కావాల?"

కృత్తిక అయినాక చూస్తారంట! పీనుగ లేచాక వైద్యుణ్ణి పిలిచినట్టు.

సోమవారం మిల్లుకు పోతే గేటు దగ్గరే ఆపి, పని లేదు పొమ్మన్నారు. తాలూకాఫీసులో అర్జీ ఇస్తే గుమాస్తా తీసుకుని, తాసిల్దారు దొర క్యాంపు పోయినాడన్నాడు. మంగళవారం కూడా క్యాంపే. రెండు రోజులూ నిలకడగా ఒక చోట కూచోలేకపోయాను. కూచుంటే నేల కదిలినట్టే ఉంది. పాసింజరెక్కి తిరువాలంగాడు పోయి తులసక్కకు చెప్పాను.

"నువ్వు మేడ ఎక్కొద్దక్కా. నీ మనుషుల్నీ ఎక్కనియ్యొద్దు."

ఆమె చేతిలోని చాట పక్కన పెట్టింది. తర్వాత అంది. "సరేరా, మేము ఎక్కం. చెట్టు కిందే పడుకుంటాం. మేము వదిలిన చోటికి చిత్తూరు నుంచి ఇంకోరు వస్తారు. వాళ్ళకు ఎవురు చెప్తారు? ఆ కలప ఏరింది నువ్వా, నేనా?"

ఏరింది నేను. అందుకే ఈ ఉదయం నుంచి సత్రం మెట్ల మొదట్లో కూచున్నాను. తులసక్క, వల్లియమ్మ, ఇంకో పదకొండు మంది నా పక్కన కూచున్నారు. జనార్ధనం మనుషులు రెండుసార్లు వచ్చి లేవమన్నారు. పోలీసును పిలుస్తామన్నారు. పిలవండి. ఆ పోలీసును కూడా నిచ్చెనెక్కి మూడో దూలం చూడమంటాను.

మేడను కూల్చమని మేం అడగడం లేదు. ఇప్పుడు, ఈ పూటే, మెట్లకు తాళం వెయ్యండి. తాళంచెవి కమిటీ దగ్గర కాదు, తాలూకాఫీసులో పెట్టండి. పద్నాలుగు దూలాలకూ నడిమధ్య సరుగుడు గుంజలు కింద నుంచి పోటుగా, ఊతంగా నిలబెట్టండి. గుంజలు నేను మోస్తాను, కూలి వద్దు. ఆ మూడో దూలాన్ని ఊడదీసి, ముడితో, పగులుతో, పూతతో, ఉన్నది ఉన్నట్టుగా మద్రాసుకు పంపండి. అంకె మళ్ళీ రానీండి. అది వచ్చేదాకా ఒక్క కావడి కూడా మేడ ఎక్కకూడదు. కృత్తికకు వచ్చే జనానికి కింద ఆవరణలో పందిరి వెయ్యండి.

జనార్ధనం గారూ, తాళం మీ దగ్గర లేకపోతే చెప్పండి, మేమే తెస్తాం. మీరు వచ్చి వెయ్యండి.