అడుగంటిన వాటా

అన్నం అడుగంటితే ఆ మాడు గీకి నా కంచంలో వేసుకోవడం పెళ్ళైన కొత్తలో అలవాటైంది. ఎవరూ వేసుకోమనలేదు, ఎవరూ వద్దనలేదు. "మాడంటే దానికిష్టంలే" అని మా అత్తగారు ఒక్కసారి అన్నారు. అంతే, ఇష్టమైపోయింది. పైది మా ఆయనకి, మెత్తనిది అత్తగారికి, మధ్యది పిల్లకి, అడుగు నాకు. అత్తారింట్లో అడుగు పెట్టడమంటే ఇదే కాబోలనుకుని పళ్ళికిలిస్తూ నమిలాను. అలా నములుతుండగానే ఓ రోజు కుడి దవడ పన్ను టక్కుమంది.

ఎవరికీ చెప్పలేదు. ఏదొచ్చినా పంటి బిగువున ఓర్చుకోమని పెంచారు కదా! ఆ పన్నే పగిలితే దేని బిగువున ఓర్చుకోవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. చెంప వాచింది. ఆఫీసులో నాది రిసెప్షన్ బల్ల. మేనేజరు చూసి, "వాపు తగ్గేదాకా వెనక గదిలో కూర్చోండమ్మా, వచ్చినవాళ్ళు జడుసుకుంటారు" అన్నాడు. ఇన్నేళ్ళూ ఆయన మొహం చూసి ఎవరూ జడుసుకోలేదా అని అడుగుదామనుకున్నాను. నోరు తెరుచుకోలేదు, వాపు. ఇంటికొస్తే అత్తగారు, "పన్ను నొప్పీ ఓ నొప్పేనా? నేను పిల్లల్ని కన్నాను" అన్నారు. ఆ పిల్లల్లో ఒకణ్ణి నేను కట్టుకున్నాను. ఎవరి నొప్పి పెద్దదో తేలలేదు. పళ్ళ డాక్టరుకి ఫోన్ చేసి టైము తీసుకున్నాను.

ఓ పొద్దున లేచేసరికి నొప్పి మాయం. "చూశావా, పట్టించుకోకపోతే అదే పోతుంది. నీ బాధలన్నీ అంతే. డాక్టరుకి రావట్లేదని చెప్పెయ్" అన్నారు మా ఆయన. చెప్పేద్దామని ఫోన్ తీశాను కూడా. ఊరికే నాలుకతో తడిమితే చిగురు మీద పొక్కు తగిలింది. ఫోన్ పడేసి చెప్పులేసుకున్నాను. తోడొస్తానని ఆయనా బయల్దేరారు.

"ఎక్కడ నొప్పి?" అని డాక్టరమ్మ నన్నడిగింది.

"ఇప్పుడేం లేదండీ," అన్నారాయన. "అయినా పీకి పారేయండి, ఒక్కపూటలో తెమిలిపోతుంది."

పోయినేడు ఇదే జబ్బు తనకొస్తే రూట్ కెనాలూ, పైన క్యాపూ, ఇంట్లో వారం పాటు జావ. నా పన్నుకైతే పట్టకారు!

"సార్, కాసేపు మీరు మూయండి. ఆవిడ తెరవాలి."

పెళ్ళయ్యాక నన్ను నోరు తెరవమన్న మొదటి మనిషి ఆవిడే.

ఎక్స్‌రే వెలుగుకి పట్టి చూపించింది. వేరు కొసన మసక మచ్చ. "నొప్పి తగ్గింది గానీ జబ్బు తగ్గలేదమ్మా. లోపలి నరం చచ్చిపోయింది, అందుకే తెలియట్లేదు. చీము ఎముకలోకి దిగుతూనే ఉంది. అరవడం మానేసింది కదా, బాగైపోయిందనుకుంటారు అందరూ."

ఆవిడ పన్ను గురించే అంది. నాకే ఇంకెక్కడో తగిలింది.

"మరేం చేస్తారు?" అని అడిగాను.

"పైన చిన్న కన్నం చేసి, కుళ్ళినదంతా తీసి, వేళ్ళ లోపల శుభ్రం చేసి పూడుస్తాను. ఆపైన క్యాప్. మీ పన్ను మీకే ఉంటుంది. పీకితే ఆ ఖాళీలోకి పక్కవి ఒరుగుతాయి."

"అంటే మళ్ళీ మళ్ళీ రావాలా? మరి వంట?" అన్నారు మా ఆయన.

"పన్ను నాది," అన్నాను. "ఉంచండి."

మత్తింజక్షనుకి సగం మొహం మొద్దుబారింది. ఇన్నేళ్ళు మొత్తం మనిషినే మొద్దుబార్చుకున్నదాన్ని, సగం ఓ లెక్కా! పని ముగించి, చేతి తొడుగులు విప్పుతూ డాక్టరమ్మ అడిగింది: "క్యాప్ పడేదాకా గట్టివి నమలకండి. అసలిది ఎలా పగిలింది?"

"మాడు తిని."

"అంత ఇష్టమా?"

"ఇష్టమేనన్నారు."

"ఎవరు?"

లేచి చెప్పులు వెతుక్కున్నాను. ఈసారి వాపు సాకు కూడా లేదు.

ఇంటికొచ్చేసరికి అత్తగారూ పిల్లా కంచాల ముందున్నారు. మా ఆయనా వెళ్ళి తన కంచం ముందు కూర్చున్నారు. అన్నం అత్తగారు వండారు, బాగానే అడుగంటింది. పిల్ల గరిటె తీసుకుని, ఎవరూ చెప్పకుండానే, మాడంతా గీకి తన కంచంలో వేసుకుంటోంది.

"నువ్వు నమలకూడదుగా అమ్మా," అంది. "ఫర్వాలేదులే, నాకిష్టమే."

ఆ కంచం లాక్కున్నాను. మాడు పెళ్ళలన్నీ తీసి మా ఆయన కంచంలో వేశాను. పైన తెల్లగా ఉన్న అన్నం పిల్లకి పెట్టాను.

"ఇదేంటి?" అన్నారాయన.

"అడుగు," అన్నాను. సగం నోటితోనే అయినా మాట నిండుగా పలికింది. "ఇష్టపడండి."