ఏటవతలి కోకో తోట

మధ్యాహ్నానికే తరగతి గది రేకులు కాగిపోతున్నాయి. కరెంటు పొద్దున్నే పోయింది. సాంఘికశాస్త్రం చెప్పే అచియా టీచరు ల్యాప్‌టాప్‌లో మిగిలిన కాస్త చార్జింగుతోనే ఘనా పటం తెరిచి, ఆకాశంలోంచి తీసిన తమ ఊరి బొమ్మ దగ్గర ఆపింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు.

"ఎవరి తోట ఎక్కడుందో వచ్చి చూపించండి. ఆ తర్వాత మాట్లాడుకుందాం."

"టీచర్, మా మేక కనపడుద్దా?" అన్నాడు ఓ పిల్లాడు.

"నీకన్నా కుదురుగా ఓ చోట నిలబడుంటే కనపడుద్దిలే."

గదంతా నవ్వింది. నవ్వుతూనే పోకువా లేచింది. తల్లి లేని ఆ పిల్లను అమ్మమ్మే పెంచింది. అమ్మమ్మ తుంటి విరిగి మంచాన పడ్డప్పటి నుంచి ఆమె నాటిన ఏటవతలి కోకో తోటను మేనమామ ఒదూరో చూస్తున్నాడు. ఏరు దాటి తోటకు రావద్దని ఆయనంటే పోకువా సరేనంది. అక్కడ తల్లివైపు కుటుంబానికి మేనమామే పెద్ద, ఆయనకు ఎదురు చెప్పడం మహా తప్పు.

చర్చి, వంతెన, వెదురుపొద. పోకువా వేలు దారి పట్టుకుని ఏరు దాటింది. అక్కడ చెట్టన్నది లేదు. ఎర్రటి గోతులు, వాటి నిండా పసుపు నీళ్ళు. బంగారం కోసం తవ్విన గోతులవి.

"తోట వెయ్యకముందటి పాత బొమ్మేమో కదా టీచర్?" అంది పోకువా.

"కాదమ్మా, ఈమధ్యదే."

ఎవరూ నవ్వలేదు. ఊళ్ళో పెద్దలందరికీ తెలిసిన సంగతే, ఈ పిల్లకు చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు. టీచరు ల్యాప్‌టాప్ మూత వేసెయ్యబోయి ఆగింది.

"తోట తవ్వడానికి ఇచ్చెయ్యాలంటే ఎవరు ఒప్పుకోవాలి?"

"మేనమామ," అన్నారు అందరూ.

"మరి ఆ చెట్లు నాటినామెను అడగక్కర్లేదా?"

"అడిగితే ఇవ్వదు కదా టీచర్, అందుకే అడగరు," అంది వెనకనుంచి ఓ అమ్మాయి.

ఆ మాట పోకువా గుండెలో ముల్లులా దిగింది. ఇంటిదాకా ఏడుస్తూనే నడిచింది.

అమ్మమ్మ వాకిట్లో చాప మీద పడుకుని ఉంది. ఆ ఇంట్లో ఏటా తోటలో పండిన తొలి కోకో కాయను చిన్నపిల్ల తెచ్చి పెద్దావిడ చేతిలో పెట్టాలి. ఒదూరో పసుపుపచ్చగా పండిన కాయతో బండి దిగాడు. ఎవరి తోటలో కోసుకొచ్చాడో!

"ఇదిగోవే, మన తోటలో తొలికాయ. అమ్మమ్మకియ్యి."

ముసలామె మొహం విప్పారింది. "బాగా కాశాయా అబ్బాయ్?"

"విరగ్గాశాయమ్మా."

"ఏటిగట్టు మీద చెట్టుకి నీ పేరే పెట్టానే పోకువా. అదీ కాసిందంటావా?"

పోకువా చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"నేనియ్యను మావయ్యా."

"ఏవిటే ఆ పొగరు? పట్టుకో!"

"ఇయ్యను. అది మన తోటది కాదు."

ఒదూరో చెయ్యెత్తాడు, కానీ కొట్టలేకపోయాడు. కాయ అతని చేతిలోనే ఉండిపోయింది.

"ఏమైందే తల్లీ? తే," అంటోంది అమ్మమ్మ. కాయ కోసం పట్టిన దోసిలి ఇంకా దించలేదు.